చక్రం మీద లేని పేరు

2023 జూలై రెండో సోమవారం, ఉదయం తొమ్మిదిన్నరకు ఇది మొదలైంది. నాకు తెలిసింది మాత్రం పదీ పదికి. మధ్యలో నలభై నిమిషాలు.

కంచరపాలెంలో రైలు పట్టాల పక్కనున్న ప్రాథమిక పాఠశాల మాది. నా సర్వీసులో అది ముప్పై మూడో ఏడు. మూడు, నాలుగు తరగతులు కలిపి పిల్లలు ముప్పై ఏడుగురు, గదులు రెండు, టీచర్లం నేనూ రమణమ్మా. అందుకని రొటేషన్ పెట్టాను. అంటే పిల్లలను తొమ్మిది, పది మంది చొప్పున నాలుగు గ్రూపులు చేసి, ఇరవై నిమిషాలకోసారి బెల్లు కొట్టి, చదువు, లెక్కలు, రాత, బొమ్మలు అనే నాలుగు మూలలకు వంతులవారీగా తిప్పడం. గ్రూపులకు సముద్రంలో దొరికేవాటి పేర్లు పిల్లలే పెట్టుకున్నారు: వంజరం, చందువ, పండుగొప్ప, రొయ్య. వరండా గోడకు అట్టతో చేసిన చక్రం ఉండేది. దాని అంచున ఒక్కొక్కరి పేరుతో ఒక బట్టల క్లిప్పు. క్లిప్పు ఏ గ్రూపులో ఉంటే పిల్ల ఆ గ్రూపులో ఉండాలి. ఆ నియమం నాదే.

అంతకుముందు గురువారం కిరణ్ అనే పిల్లవాడు టీసీ తీసుకున్నాడు. టీసీ అంటే బడి మారేవాళ్లకు ఇచ్చే బదిలీ పత్రం. వాళ్ల నాన్నకు పరవాడలో పని దొరికింది. వాడి క్లిప్పు అందరి ముందూ తీసి, గుర్తుగా ఉంచుకోమని వాడి చేతికే ఇచ్చాను. దాంతో పిల్లలు ముప్పై ఆరుగురయ్యారు.

శుక్రవారం సాయంత్రం ఈశ్వరి క్లిప్పు తీశాను. ఎనిమిదేళ్ల పిల్ల. చదవడం బాగా మెరుగైందని రొయ్య నుంచి చందువకు మార్చాలనుకున్నాను. అంతలో ఎవరో తల్లి పిలిస్తే, క్లిప్పు హ్యాండ్‌బ్యాగులో పడేసి వెళ్లాను. మళ్లీ పెట్టలేదు.

సోమవారం హాజరు ముప్పై ఆరు. తొమ్మిదిన్నరకు మొదటి బెల్లు. తొమ్మిదీ యాభైకి రెండోది. "సరిపోయారా?" అని గుమ్మంలోంచి అడిగాను. "చక్రం ప్రకారం సరిపోయారండి" అంది రమణమ్మ. నా గదిలోనూ చక్రం ప్రకారం సరిపోయారు.

పదీ పదికి లెక్కల కాగితాలు ముప్పై ఆరూ రెండు గదుల్లో పంచితే ఒకటి మిగిలింది. రెండోసారి లెక్కపెట్టాను. మళ్లీ ఒకటే.

"ఈశ్వరి ఎల్లిపోయింది టీచర్" అంది చందువ గ్రూపులో ఒక పిల్ల, తల ఎత్తకుండానే. "సంచీ అట్టుకుని ఎల్లిపోయింది. సక్రం మీద దాని క్లిప్పు నేదు కద, టీసీ ఇచ్చీసారట."

మధ్యాహ్న భోజనానికి కోడిగుడ్లు తెచ్చే ఆటో కోసం తీసిన గేటు ఇంకా తీసే ఉంది. ఈశ్వరి ఇల్లు పట్టాలకు అవతల. పిల్లలను రమణమ్మకు అప్పగించి పరుగెత్తాను. బొగ్గు బండి ఒకటి సిగ్నల్ కోసం ఆగి ఉంది. అక్కడ బండి ఆగితే జనం వ్యాగన్ల కింద నుంచి దూరి పోతారు. నేను వంగి చూస్తుండగానే గొలుసులు ఒక్కసారి ఈడ్చిన చప్పుడైంది. బండి కదిలింది. చక్రాల సందుల్లోంచి ఈశ్వరి నీలం గౌను కోసం చూశాను. ఏమీ తోచక వ్యాగన్లు లెక్కపెట్టాను. నేను చూసినప్పటి నుంచి నలభై ఒకటి.

ఆఖరిది పోయాక అవతల గట్టు మీద ఈశ్వరి, దాని చెయ్యి పట్టుకుని వాళ్లమ్మ నూకరత్నం. నేను దాటేలోపే ఆమె అరిచింది.

"ఏటి టీచరమ్మా, నా పిల్ల పేరు తీసీసారట! ఏటి తప్పు సేసింది?"

"అది ఏ తప్పూ చెయ్యలేదమ్మా. తప్పు నాదే" అన్నాను. తర్వాత అడక్కుండా ఉండలేకపోయాను. "ఎలా దాటావే?"

"బండి ఆగుంది కద టీచర్" అంది ఈశ్వరి. "కింద నుంచి దూరీసాను."

ఆ సంగతి తల్లికి అప్పటిదాకా తెలియదు. పిల్లను ఒక్కటి కొట్టింది. వెంటనే దగ్గరకు లాక్కుంది. నేను కంకర మీదే కూర్చున్నాను.

తర్వాతి సోమవారం నూకరత్నం టీసీకి వచ్చింది. పట్టాలకు అవతలి బడిలో చేరుస్తుందట. "మీ మీద కోపం నేదు టీచరమ్మా. మంచోరే మీరు. కానీ బండి కూతేస్తే నాకు పని మీద సేతులాడట్నేదు" అంది. టీసీ నా చేత్తోనే రాశాను.

బల్ల పక్కన నిలబడి ఈశ్వరి అడిగింది: "నా క్లిప్పు నాకియ్యరా టీచర్? కిరణ్‌కి ఇచ్చారు కద."

అది ఇంకా హ్యాండ్‌బ్యాగులోనే ఉంది, తాళాల పక్కన. తీసి ఇచ్చాను.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా ప్రతి బెల్లుకూ పిల్లల తలలే లెక్కపెట్టాను, పేర్లు కాదు. ఉదయం హాజరు పొద్దున్న వచ్చినవాళ్లు ఎవరో చెబుతుంది, ఇప్పుడు ఎదురుగా ఉన్నదెవరో చెప్పదు. చక్రం నేను గీసింది. నేను మరచినది అదీ మరచింది. ముప్పై మూడేళ్లకు తెలిసిందది.

పోయినవి: ఆ రోజు నలభై నిమిషాలు. ఆ ఉదయం ఇక జరగని రెండు వంతులు. క్లిప్పు ఒకటి. ముప్పై ఆరుగురిలో ఒకరు.