ఒక్కరు వస్తే చాలన్నాను

బందరులో రిజిస్ట్రారాఫీసుకి ఎదురు వరసలో నాకొక గది ఉంది. దస్తావేజులు రాయడం నా పని. మా నాన్న తాలూకాఫీసులో గుమాస్తాగా చేశారు. ఆయన దగ్గర నేర్చుకున్న చేతిరాతతోనే ఈ పనిలోకి వచ్చాను. ముప్ఫై ఏళ్ళు దాటింది. ఇప్పుడు చేతిరాతతో ఎవరికీ పనిలేదు, అంతా కంప్యూటరే. అయినా మనుషులు వస్తూనే ఉంటారు. కాయితం ఎవరైనా కొడతారు గానీ, అందులో ఏముందో చదివి చెప్పే మనిషి కావాలి కదా.

భూములకి కొత్త పాసుపుస్తకాలు వచ్చిన ఏడాది, వేసవిలో, ఇద్దరు ఆడవాళ్ళు నా గదికి వచ్చారు. దివిసీమలో సముద్రం వారనున్న పల్లె వాళ్ళది. చేపలు కొని, ఎండబెట్టి, అమ్ముకుంటారు. ఇద్దరూ ఒకరికొకరు చుట్టాలు కారు, కానీ 'వదినా' అని పిలుచుకుంటారు. ఒకామె నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద. రెండో ఆమె అప్పటికి నలభై దాటింది. వాళ్ళని పెద్దామె, చిన్నామె అనే అంటాను. నాకు ఇరవై ఏళ్ళ నుంచీ తెలుసు.

ఆ ఇరవై ఏళ్ళ కిందటి సంగతి ముందు చెప్పాలి. ఇద్దరూ కలిసి పల్లె చివర కొంత చోటు కొనుక్కుని చేపలు ఎండబెట్టుకోవడానికి కళ్ళం చేయించుకోవాలనుకున్నారు. చోటు ఎవరి పేరున రాయించాలన్నది ప్రశ్న. పెద్దామె మొగుడు అంతకుముందే ఒక పడవ పోగొట్టి ఉన్నాడు. చిన్నామె అత్తవారు కోడలి పేరున ఉన్నది తమదే అనుకునే మనుషులు. "ఇంట్లో వాళ్ళ చెయ్యి పడకుండా ఉండే దారి ఏదన్నా ఉందా అమ్మగారూ?" అని అడిగారు.

ఉందన్నాను. ఇద్దరూ భాగస్వాములుగా ఒక సంస్థ పెట్టుకోండి, చోటు సంస్థ పేరున కొనండి అన్నాను. అప్పుడు నాకు చాలా తెలుసనుకునేదాన్ని. భాగస్వామ్య పత్రం నా చేత్తోనే రాశాను. సగం సగం. ఇద్దరూ వేలిముద్రలు వేశారు. "ఈ సంస్థని ఎక్కడన్నా నమోదు చేయించాలా?" అని పెద్దామె అడిగింది. అక్కర్లేదన్నాను. చట్టం తప్పనిసరి అనలేదు కాబట్టి నేను చెప్పింది అబద్ధం కాదు. కానీ దానికి ఇంకోసారి తిరగాలి, ఇంకొన్ని ఫారాలు నింపాలి. నాకు ఓపిక లేకపోయింది, అంతే.

చోటు రిజిస్ట్రేషను నాటికి చిన్నామె పురిట్లో ఉంది. ఆమె లేచి తిరిగేదాకా ఆగుదామని పెద్దామె అంది. సంస్థ తరఫున ఒక్కరు వస్తే చాలన్నాను. అలా అమ్మకం దస్తావేజులో సంస్థ పేరు, దాని తరఫున పెద్దామె పేరు మాత్రమే పడ్డాయి. చిన్నామె పేరు నేను రాసిన ఆ ఒక్క పత్రంలో తప్ప ఎక్కడా లేదు.

ఇరవై ఏళ్ళూ దానివల్ల ఏ ఇబ్బందీ రాలేదు. తర్వాత ప్రభుత్వం భూములన్నీ మళ్ళీ కొలిపించింది. వాళ్ళ కళ్ళం దగ్గరికి సర్వేయరు వచ్చినరోజు చిన్నామె చేపలు కొనడానికి రేవుకి వెళ్ళింది. పెద్దామె ఒక్కతే ఎండు చేపలు తిరగేస్తోంది.

"ఈ చోటెవరిదమ్మా?" అన్నాడట సర్వేయరు.

"మా ఇద్దరిదీనయ్యా. సంస్థ పేరున ఉంది."

"సంస్థకి ఆధార్ ఉందా?"

"సంస్థకి ఆధార్ ఏందయ్యా!"

"అయితే నీదివ్వు."

ఇచ్చింది. కొన్నాళ్ళకి పాసుపుస్తకం వచ్చింది, పెద్దామె ఒక్కదాని పేరున. అదే తీసుకుని వాళ్ళు నా గదికి వచ్చారు. ఇద్దరూ బల్లమీద పక్కపక్కనే కూర్చున్నారు. పెద్దామె పుస్తకం నా ముందు పెట్టి, "ఇందులో మా వదిన పేరు లేదంటున్నారు. చూసి ఎక్కించండి అమ్మగారూ" అంది, పుస్తకంలో ఒక పేరు చేర్చడం పెన్నుతో అయ్యే పని అన్నట్టు.

అప్పటికి భూమి హక్కుల మీద కొత్త చట్టం వచ్చింది. మా వరసలో అందరం రోజూ దాని గురించే మాట్లాడుకునేవాళ్ళం. ఇకమీదట రిజిస్టరులో ఎవరి పేరు ఎక్కితే వాళ్ళదే హక్కు, రెండేళ్ళలో ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే ఆ పేరే ఖాయం అన్నది అందులోని మాట. నేను పుస్తకం తిరగేశాను. వాళ్ళు దాచుకున్న పాత దస్తావేజు విప్పి చూశాను. నా రాత గుండ్రంగా, ముచ్చటగా ఉంది. చిన్నామె పేరు ఎందుకు లేదో నాకు ఒక్క క్షణంలో అర్థమైంది. కానీ ఆ రోజు చెప్పలేకపోయాను. "చూద్దాం, అభ్యంతరం పెడదాం" అన్నాను.

అభ్యంతరం పెట్టడానికి వాళ్ళతో కలిసి మండలాఫీసుకి వెళ్ళాను. అక్కడి అధికారి చిన్నవాడే, మర్యాదస్తుడు. కాయితాలన్నీ ఓపిగ్గా చూశాడు. చూసి, "సంస్థ నమోదు పత్రం ఏదండీ?" అన్నాడు.

"నమోదు కాలేదండీ. భాగస్వామ్య పత్రం ఉంది."

"ఇది ఎవరైనా ఎప్పుడైనా రాసుకోవచ్చు కదండీ. అమ్మకం దస్తావేజులో ఈ రెండో ఆమె పేరే లేదు." ఆయన పత్రం చివరి పేజీ తిప్పి నావైపు చూశాడు. "రాసింది మీరేనా?"

"నేనే."

"మరి నమోదు ఎందుకు చేయించలేదు?"

ఇద్దరు ఆడవాళ్ళూ నా మొహంలోకి చూశారు. వాళ్ళ చూపులో అనుమానం లేదు. నేనేదో మంచి కారణం చెబుతానని చూశారు. అదే నాకు ఎక్కువ కష్టమనిపించింది.

"అక్కర్లేదని నేనే చెప్పానండీ. రిజిస్ట్రేషనుకి కూడా ఒకరు వస్తే చాలని నేనే అన్నాను. వాళ్ళ తప్పేం లేదు" అన్నాను.

ఆయన తల ఊపి, అభ్యంతరం కాయితం తీసుకుని రసీదు ఇచ్చాడు. సంస్థ నమోదు చేయించి ఆ పత్రం తెస్తే పరిశీలిస్తామన్నాడు. బయటికి వచ్చాక ఆఫీసు మెట్ల మీద చిన్నామె ఆగింది.

"ఇరవై ఏళ్ళ నుంచీ ఆ చోటులో సగం నాదని మా అత్తతో పోట్లాడాను అమ్మగారూ. కాయితం ఉందన్న ధైర్యంతోనే పోట్లాడాను."

పెద్దామె ఆమె భుజం మీద చెయ్యి వేసి, "పద వదినా, బస్సు పోద్ది" అంది.

సంస్థ నమోదు దరఖాస్తు ఇప్పుడు కంప్యూటర్లోనే పెట్టాలి. భాగస్వాములిద్దరి ఆధార్ నంబర్లూ కొడితే, వాళ్ళ ఫోన్లకి ఒక నంబరు వస్తుంది. అది చెబితేనే దరఖాస్తు ముందుకి కదులుతుంది. చిన్నామె ఫోను ఆమె దగ్గరే ఉంది. పెద్దామె ఆధార్‌కి ఇచ్చిన ఫోను నంబరు మాత్రం ఆమె కొడుకు వాడుతున్నాడు. అతనికి గుడివాడలో రొయ్యల మేత అమ్మే కొట్టు ఉంది. ఫోన్లో సంగతి చెబితే, "ఇప్పుడు అదంతా దేనికి?" అని పెట్టేశాడట. రెండోసారి చేస్తే ఎత్తలేదు.

పెద్దామె ఒకరోజు పొద్దున్నే నా గదికి వచ్చి, "గుడివాడ వెళ్దాం రండి అమ్మగారూ. వాడు నన్ను చూస్తే కాదనడు" అంది. ఆ రోజు నాకు రాయాల్సిన దస్తావేజులు రెండున్నాయి. అయినా తాళం వేసి బయల్దేరాను. పామర్రులో బస్సు మారి గుడివాడ చేరేసరికి ఎండ ముదిరింది. దారంతా ఆమె కిటికీ పక్కన కునికిపాట్లు పడుతూనే ఉంది. నాకు మాత్రం కన్ను మూతపడలేదు.

కొడుకు మమ్మల్ని చూసి లేచి కుర్చీలు వేశాడు, చల్లటి మజ్జిగ తెప్పించాడు. విషయం ఎత్తగానే మొహం ముడుచుకున్నాడు.

"అమ్మా, నువ్వు అడగలేదు, నేను అడగలేదు. చట్టమే ఆ చోటు నీదంటోంది. అక్కడ ఐసు ఫ్యాక్టరీ పెట్టుకుందామని నేనెంత కాలం నుంచి అనుకుంటున్నానో నీకు తెలుసు. పిన్నికి కావాలంటే పని చూపిద్దాం. రోడ్డున పడెయ్యం కదా."

"ఆవిడ కళ్ళంలో ఆవిడకే పని చూపిస్తావా?"

"కాయితం ప్రకారం ఆవిడది కాదు కదమ్మా." తర్వాత నావైపు తిరిగాడు. "మీరే చెప్పండమ్మగారూ, కాదంటారా?"

"కాయితం తప్పు బాబూ. ఆ తప్పు నాది" అన్నాను.

మేతకోసం ఎవరో రైతు వస్తే అతను లేచి వెళ్ళి బస్తాలు చూపించాడు. రైతు వెళ్ళాక కూడా లెక్కబుక్కు తీసి చూస్తున్నట్టు నిలబడ్డాడు. పెద్దామె కుర్చీలోంచి లేవలేదు. గొంతు పెంచలేదు కూడా.

"ఒరే, ఆ చట్టం చేసినాయనకి నేను తెలుసా? నాకు జొరమొచ్చి మంచాన పడ్డ ఏడాది కళ్ళం మొత్తం ఆవిడే చూసింది. రోజూ సాయంత్రం నా సగం తెచ్చి నా చేతిలో పెట్టింది. నేను లేచి చూస్తానా, అడుగుతానా? పెట్టకపోయినా నాకు తెలిసేది కాదు. ఇప్పుడు ఆవిడ సగం నేను మింగాలా? నంబరు నాది, ఫోను నీ దగ్గరుంది. వచ్చిన నంబరు చెప్పు, చాలు."

కొట్టుకి రెండిళ్ళ అవతల నెట్ సెంటరు ఉంది. నేను వెళ్ళి దరఖాస్తు నింపించి, ఆధార్ కొట్టించాను. నంబరు వచ్చి ఉంటుంది, అతను చెప్పలేదు. గడువు అయిపోయింది. మళ్ళీ కొట్టించాను, అదీ పోయింది. సెంటరు నడిపే ఆవిడ విసుక్కోకుండా, "ఇంకోసారి చూద్దామాండీ?" అంది. మూడోసారి గుమ్మంలో నీడ పడింది. అతనే వచ్చి, ఫోను చూస్తూ అంకెలు ఒక్కొక్కటే చదివాడు. చదివి, ఎవరి మొహమూ చూడకుండా వెళ్ళిపోయాడు. మేము బస్సెక్కేముందు వచ్చి తల్లికి అరటిపళ్ళు కొని ఇచ్చాడు.

చిన్నామె ఫోనుకి వచ్చిన నంబరు మేము బందరు తిరిగొచ్చాక ఫోను చేసి తీసుకున్నాం. సంస్థ నమోదు పత్రం చేతికి రావడానికి మరికొంత కాలం పట్టింది. అది పట్టుకుని మండలాఫీసుకి వెళ్దామనుకునేసరికి ఎన్నికలొచ్చాయి, ప్రభుత్వం మారింది. కొత్త ప్రభుత్వం ఆ భూమి హక్కుల చట్టాన్ని రద్దు చేసింది. మా వరసలో కొందరు మిఠాయిలు పంచారు. నేనూ ఒకటి తిన్నాను. ఆ చట్టమంటే నాకూ భయమే ఉండేది.

మండలాఫీసులో ఈసారి ఆ అధికారి లేడు, ఒక గుమాస్తా ఉన్నాడు. రసీదు చూసి వెనక్కి ఇచ్చేశాడు.

"ఆ చట్టమే లేదు కదండీ. దాని కింద పెట్టిన అభ్యంతరం కూడా ఉండదు."

"మరి ఈ పాసుపుస్తకం?"

"అది ఉంటుందండీ."

"తప్పు పుస్తకం ఉండి, దాన్ని దిద్దే కాయితం పోతే ఎలా బాబూ?"

"మళ్ళీ అర్జీ పెట్టుకోండి. రెవెన్యూవాళ్ళు ఊళ్ళోకే వచ్చి సభ పెడతారంట, అక్కడివ్వండి." పాపం, అతనికి మాత్రం ఏం తెలుసు? నాలాగే పైనుంచి వచ్చింది చదివి చెబుతున్నాడు.

ఆ రోజు బయట బల్లమీద చాలాసేపు కూర్చుండిపోయాను. ఎవరి మీదా కోపం రాలేదు, అలసటగా అనిపించింది. నేను ఈ పనిలోకి వచ్చాక పుస్తకాల రంగు ఎన్నిసార్లు మారిందో, ఫారాలు ఎన్ని రకాలయ్యాయో గుర్తులేదు. ప్రతిసారీ ఇదే చివరిదని చెప్పాను. నన్ను నమ్మి వచ్చినవాళ్ళకి అలాగే చెప్పాను.

పల్లెలో సభ పెట్టిన రోజు నేనూ వెళ్ళాను. బడి ఆవరణలో టెంటు వేశారు. అధికారిణి ఒకావిడ బల్ల ముందు కూర్చుని అర్జీలు తీసుకుంటోంది. మా వంతు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. ఆవిడ సంస్థ నమోదు పత్రం ఒక్కసారి చూసి పక్కన పెట్టేసింది. తర్వాత పెద్దామెనే సూటిగా అడిగింది.

"పుస్తకం నీ పేరున ఉందమ్మా. నీకేం నష్టం?"

"నాది సగమేనమ్మా."

"రెండో సగం ఎవరిది?"

"మా వదినది."

"నీకు ఏమవుద్ది ఆవిడ?"

పెద్దామె కొంచెం ఆలోచించింది. "ఏమీ కాదమ్మా. కలిసి చేపలు ఎండేస్తాం" అంది.

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. అధికారిణి నవ్వలేదు. "ఊళ్ళో ఎవరైనా కాదనేవాళ్ళున్నారా?" అని గట్టిగా అడిగింది. ఎవరూ లేవలేదు. చిన్నామె అత్త కూడా అక్కడే ఉంది. ఆమే ముందు, "ఇద్దరిదీనండీ, ఊరందరికీ తెలుసు" అంది. అధికారిణి ఇద్దరి మాటలూ రాయించుకుని, వేలిముద్రలు తీసుకుంది.

మరో ఏడాది దాకా ఏమీ రాలేదు. తర్వాత కొత్త పుస్తకాలు వచ్చాయి. ఇద్దరి పేర్లూ ఉన్నాయి, చెరి సగం. సంస్థ పేరు ఎక్కడా లేదు. ఎండలో గుడివాడ వెళ్ళి తెచ్చుకున్న నమోదు పత్రం ఎవరికీ పనికిరాలేదు. ఆ సంస్థకిప్పుడు పేరుంది, ఆస్తి లేదు. దాన్ని రద్దు చేయించాలంటే మళ్ళీ ఫారాలు నింపాలి. వద్దులే అన్నారు ఇద్దరూ.

పుస్తకాలు చదివి పెట్టమని కబురు చేస్తే చల్లపల్లి మీదుగా బస్సులో వెళ్ళాను. వాళ్ళే నా గదికి వస్తామన్నారు గానీ, పెద్దామెకి మోకాళ్ళ నొప్పులు, బస్సెక్కలేకపోతోంది. కళ్ళం పక్కన పాక నీడలో కుర్చీ వేశారు. పేర్లు, కొలతలు, హద్దులు అన్నీ పైకి చదివాను. తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం ఒక్కో మాటా వేలుపెట్టి చదివాను. చిన్నామె తన పేరు ఇంకోసారి చదవమంది. చదివాను.

"ఇక మళ్ళీ మారదు కదా అమ్మగారూ?" అంది.

"నాకు తెలీదమ్మా" అన్నాను. ముప్ఫై ఏళ్ళలో ఎవరితోనైనా ఆ మాట అనడం అదే మొదటిసారేమో.

ఆమె పుస్తకం కవర్లో పెట్టుకుని చేపలు తిరగేయడానికి వెళ్ళింది. పెద్దామె కూర్చున్నచోటి నుంచే, అటు వైపువి ఆరలేదు వదినా, అవి ముందు చూడు అని చెబుతోంది. నా బస్సుకి ఇంకా గంట టైముంది. లేచి వెళ్ళి రోడ్డు మీద నిలబడదామనుకున్నాను గానీ లేవబుద్ధి కాలేదు. ఎవరో టీ తెచ్చి ఇచ్చారు. తాగి, అలాగే కూర్చున్నాను.