మిషనుకు మాటలు నేర్పిన సారు

మొన్న రాయచోటి నుంచి నా క్లాస్‌మేట్ ఫోన్ చేసింది. "సారు పోయినారంట పాపా" అంది. కడపలో ఇంజనీరింగ్ చదివేటప్పుడు మాకు ఆపరేటింగ్ సిస్టమ్స్ చెప్పిన సారు. ఏడుపొచ్చింది. దాని వెనకే నవ్వూ వచ్చింది. ఆయన్ని తలుచుకుని నవ్వకుండా ఉండటం మా వల్ల అయ్యే పని కాదు.

ల్యాబ్‌లోకి వస్తూనే కుర్చీ తిరగేసి కూర్చునేవారు. "ఏమ్మా, ఏమంటాండాది మిషను?" ఏమీ అనట్లేదు, ఆగిపోయింది సార్ అంటే ఊరుకునేవారు కాదు. "యాడుండాదో, ఏం చేస్తాండాదో, చేతిలో ఏముండాదో దాన్నే చెప్పమను." అంటే ప్రోగ్రాం నడుస్తూ తన సంగతి తానే తెరమీద చెప్పుకునేలా మధ్యమధ్య వాక్యాలు రాయాలన్నమాట.

ఫైనలియర్‌లో నేనూ, ఫోన్ చేసిన ఆ క్లాస్‌మేటూ కలిసి, కంప్యూటర్‌ని లేపి నడిపించే ఓ బుల్లి ఆపరేటింగ్ సిస్టమ్ రాశాం. రేపు ప్రాజెక్టు పరీక్ష అనగా అది మొదలవుతూనే చతికిలబడింది. పరీక్ష పోతే డిగ్రీ లేదు, డిగ్రీ లేకపోతే నాకొచ్చిన ఉద్యోగమూ లేదు. సారు చెప్పినట్టే వాక్యాలు పెట్టాం, ఇంగ్లీషు అక్షరాల్లో మన మాటే: "ఈడికొచ్చినా. మెమరీ ఇంత ఉండాది." ఖర్మ, ఇప్పుడు ఆ వాక్యం దగ్గరే ఆగిపోసాగింది!

సారు చూసి పకపకా నవ్వారు. అంకె చూపడానికి పర్సెంట్ డి రాయాల్సిన చోట, అక్షరాల కోసం వాడే పర్సెంట్ ఎస్ రాశాం. మిషను ఆ అంకెను మెమరీలో ఓ చిరునామా అనుకుని, అక్షరాలు వెతుక్కుంటూ పోయి కూలబడింది. "బిడ్డ యాడ పడిందో చూసి రమ్మంటే, పోయినోడే బాయిలో పడినాడు కదమ్మా!" అన్నారు. ఒక్క అక్షరం మార్చగానే మెమరీ సున్నా అని తెరమీద కనబడింది. మెమరీ ఎంతుందో మా ప్రోగ్రాం లెక్కేసుకోవట్లేదని, అసలు తప్పు అదేనని అప్పుడు తెలిసింది.

ఆ సంబరంలో వాక్యాలు తీసేయడం మరిచాం. మర్నాడు బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ తెర చూసి, "ఏంటీ భాష?" అన్నాడు.

"కడప మిషను సార్, కడప మాటే మాట్లాడతాది" అన్నారు సారు. ఎగ్జామినర్ నవ్వి సంతకం పెట్టాడు. నా ఉద్యోగం నిలబడింది. ఈ రోజు నేను తింటున్న అన్నం ఆ సారు పెట్టిందే.

ఆ రోజు అందరూ వెళ్లాక కంప్యూటర్ ఆపబోయాను. "ఉండమ్మా, మళ్లా ఒకసారి మొదలుపెట్టు" అన్నారు. చేతులు వెనక్కి కట్టుకుని తెర ముందు నిలబడ్డారు. ఒక్కో వాక్యం పడుతుంటే, తలూపుతూ, ప్రతిదానికీ "ఊఁ... ఊఁ..." కొడుతూ విన్నారు.