మెట్ల మీద మూడో పార్టీ

జర్మనీలో బ్యోబ్లింగెన్ అనే ఊళ్లో ఉండే వాసుదేవరావు గారికి ఒకటే పిచ్చి: రాజీ. ఎక్కడ ఇద్దరు గొంతు పెంచినా ఆయన మధ్యలో ప్రత్యక్షమవుతాడు. తప్పెవరిదని అడగడు. ఇద్దరినీ అడిగే ప్రశ్న ఒక్కటే: "మీరేం వదులుకుంటారు?"

ఊళ్లోని తెలుగు కుర్రాళ్లు మైకేల్, కోటయ్య క్రికెట్ కెప్టెన్సీ కోసం మాటలు మానేస్తే, బ్యాటింగప్పుడు ఒకరు, ఫీల్డింగప్పుడు ఇంకొకరు అని తేల్చాడు. ఆ వేసవంతా టీమ్ ఒక్క మ్యాచ్ గెలవలేదు. "కలిసే ఓడారు కదయ్యా!" అని ఆయన పొంగిపోయాడు. సొంత కాపురం కూడా అంతే. భార్య హైమావతి హాంబర్గ్ ఉద్యోగం వదలనంది, ఈయన బ్యోబ్లింగెన్ వదలనన్నాడు. కరోనా కనికరించిన నెలల్లో, సరిగ్గా మధ్యలో ఉన్న కాసెల్ స్టేషన్లో కలుసుకుని కాఫీ తాగి వస్తారు.

అలాంటి మనిషికి 2021 ఎన్నికలు పండగ తెచ్చాయి. ఏ పార్టీకీ సొంతంగా ప్రభుత్వం పెట్టే బలం రాలేదు. ఎర్ర, పచ్చ, పసుపు రంగుల పార్టీలు మూడూ తలుపులు మూసుకుని వారాల తరబడి బేరాలాడుతున్నాయి. తన బిల్డింగులోనే రెండో అంతస్తులో ఉండే భానుప్రియ ఇంటికి ఆయన రోజూ వార్త మోసుకొచ్చేవాడు.

"ఇంతకూ గెలిచిందెవరు బాబాయ్?" అనేవాడు భానుప్రియ భర్త సుమంత్.

"ఎవరూ గెలవలేదు. అందుకే ప్రభుత్వం వస్తోంది. కనీస వేతనం పెంచుదామని ఎర్రవాళ్లంటే పసుపువాళ్లు తలూపారు. కొత్త పన్నులు వద్దని పసుపువాళ్లంటే ఎర్రవాళ్లు సర్దుకున్నారు. పచ్చవాళ్లయితే ఆటోబాన్ హైవేల మీద వేగపరిమితి పెట్టాలన్న పట్టే వదిలేశారు! ఎంత నొప్పి పడి ఉంటారు!" అంటూ కళ్లు తుడుచుకునేవాడు.

భానుప్రియకు నవ్వొచ్చేది. నవంబరులో ఆ నవ్వు ఆగిపోయింది.

ఆమె ఆదివారం పొద్దున ఇడ్లీపిండికి గ్రైండర్ వేసేది. ఈ దేశంలో ఆదివారం గోడకు మేకు కొట్టకూడదని తెలుసు. అయితే గ్రైండర్ వంటసామాను కదా, డ్రిల్లింగ్ మెషిన్ కాదు కదా అనుకుంది. కింది ఫ్లాట్ ఫ్రావ్ కెస్లర్, అంటే కెస్లర్ గారు, అలా అనుకోలేదు. ఆమె ఆస్పత్రిలో నర్సు. కరోనా వార్డులో రాత్రి డ్యూటీ చేసి పొద్దున్నే వచ్చి పడుకుంటుంది. ఆదివారం గ్రైండర్, మిగతా రోజుల్లో భానుప్రియ నాలుగేళ్ల కూతురి పరుగులు. పిల్లల బడి, అదే కీటా, ఎవరికో పాజిటివ్ వచ్చినప్పుడల్లా మూతపడుతోంది. ఫిర్యాదు ఇంటి ఓనర్ దాకా వెళ్లింది. సోమవారంలోగా కెస్లర్ దాన్ని వెనక్కి తీసుకోకపోతే ఇల్లు ఖాళీ చేయాలన్నాడాయన. ఈ ఊళ్లో ఒక ఫ్లాట్ చూపిస్తున్నారంటే క్యూ వీధి చివరిదాకా ఉంటుంది.

"వాసుదేవరావు బాబాయ్‌ని పిలుద్దామా?" అంది భానుప్రియ.

"వద్దే తల్లీ! ఇల్లు సగం ఆమెకు రాసిస్తడు" అన్నాడు సుమంత్.

పిలవకుండానే శనివారం సాయంత్రం ఆయన మెట్ల మీద నిలబడ్డాడు. కింద తన గుమ్మంలో కెస్లర్, పైన భానుప్రియ, నడిమెట్టు మీద ఈయన. ముగ్గురికీ మాస్కులు. కిటికీలు బార్లా తెరిచారు. చలి ఎముకలు కొరుకుతోంది.

"ఏం వదులుకుంటారు?" అన్నాడు పైకి చూసి.

"ఆదివారం గ్రైండర్ బంద్ చేస్తా" అంది భానుప్రియ.

కెస్లర్ వైపు తిరిగి జర్మన్‌లో అదే ప్రశ్న. మధ్యాహ్నం రెండు దాటాక ఎంత చప్పుడైనా ఓర్చుకుంటానందామె. "రెండు దాకా మాత్రం నాకు నిద్ర కావాలి. రాత్రి నా చేతుల్లో మనుషులు పోతున్నారు" అంది.

"పొద్దున పూట బిడ్డను కట్టేసి కూసోబెట్టాల్నా బాబాయ్? నాకేమో మీటింగులు!"

ఎవరూ ఇంకో మెట్టు దిగలేదు. కెస్లర్ తలుపు పిడి మీద చెయ్యి వేసింది.

"ఆగండి. మూడో పార్టీ ఇంకా మాట్లాడలేదు" అన్నాడాయన.

"మూడోదెవరు?"

"నేనే. అన్నిటికన్నా కింద, నేల అంతస్తులో ఉండేది నా ఫ్లాట్. దాని కిందంతా సెల్లారే. పిల్ల పొద్దున్నుంచి రెండు దాకా నా దగ్గర పరిగెడుతుంది. గ్రైండరూ దింపండి. శనివారం వేసుకుందాం."

కెస్లర్ ఫోన్ తీసి, ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నానని ఓనర్‌కు అక్కడే మెసేజ్ పెట్టింది.

గ్రైండర్ మోయడానికి వచ్చిన మైకేల్‌తో భానుప్రియ ఆశ్చర్యపోతూ ఇదంతా చెప్పింది.

"మా గొడవలోనూ అంతేనండీ. కెప్టెన్లు ఇద్దరయ్యేసరికి చెరో మనిషిని తెచ్చుకున్నాం, పదకొండు మందిలో చోటు చాల్లేదు. టీమ్‌లో ఆడే ఆయనే తప్పుకున్నాడు. అప్పట్నించి మాకు నీళ్ల సీసాలు మోస్తన్నాడు" అన్నాడు మైకేల్.

కొత్త ప్రభుత్వ ఒప్పందం ప్రకటించిన రోజు భానుప్రియ పాపను తీసుకెళ్లడానికి కిందికి వచ్చింది. టీవీలో మూడు పార్టీల నాయకులూ ఏదో చెబుతున్నారు. ఒక్క ముక్క వినబడడం లేదు. వాసుదేవరావు గారు సోఫా వెనక నాలుగు కాళ్ల మీద ఉన్నాడు. వీపు మీద ఎక్కిన పాప "ష్నెల్లర్! ష్నెల్లర్! ఇంకా వేగంగా!" అని అదిలిస్తోంది.

"దీనికి వేగపరిమితి లేదమ్మా" అన్నాడు రొప్పుతూ.

అంతలో తలుపు దబదబ మోగింది. ఎదురు ఫ్లాట్ ముసలాయన. మధ్యాహ్నం కునుకు పట్టనివ్వడం లేదట. శనివారం ఆ ఉరుములేమిటట. ఓనర్‌కు చెబుతాడట.

భానుప్రియ పాపను ఆయన వీపు మీంచి దింపింది. "ఇప్పుడెట్ల బాబాయ్?"

వాసుదేవరావు గారు మోకాళ్లు దులుపుకుంటూ లేచాడు. ఆయన మొహం వెలిగిపోతోంది.

"నా మీద ఫిర్యాదు రావడం ఇదే మొదలమ్మా! ఈ తగవులో నేనే ఒక పార్టీని కదా, నేనెలా తీరుస్తాను? నువ్వు రా, మధ్యలో నిలబడు."

భానుప్రియ మాస్కు పెట్టుకుని ఇద్దరి మధ్యకూ వెళ్లింది. నోరు తెరిచే ముందు, తన దగ్గర ఇవ్వడానికి ఇంకా ఏముందా అని ఒక్క క్షణం ఆలోచించుకుంది.