గురుగ్రహానికి ముఖం కడిగిన మా బావ

మా బావది ఫొటో స్టూడియో. మొటిమలు, మచ్చలు, కళ్ల కింద నలుపు కంప్యూటర్లో తుడిచేయడంలో ఆయన చెయ్యి ఎంతటిదంటే, ఫొటో చూసి పెళ్లికి ఒప్పుకున్న ఒకమ్మాయి, తీరా పెళ్లికొడుకే ఎదురొస్తే "అబ్బాయి రాలేదా అంకుల్?" అని అడిగింది. నేను అక్కడే ఉన్నాను. చదువు మధ్యలో మానేశానే గాని అబద్ధాలాడే అలవాటు నాకు లేదు.

ఊళ్లో సగం ముఖాలు బావ తీసినవే. ఒక్కదాని కిందా ఆయన పేరు లేదు. గుర్తింపు కార్డు మీద ఫొటో తీసినవాడి పేరు ఎవరు వేస్తారు? అందుకే ఖగోళ సంఘం వాళ్లు ప్రదర్శన పెడుతున్నామని, ప్రతి ఫొటో కిందా తీసినవాళ్ల పేరు వేస్తామని చెప్పగానే, బావ పాత టెలిస్కోపు ఒకటి కొని డాబా ఎక్కించాడు.

రోజూ సాయంత్రం కొట్టు కట్టేసి వచ్చి గురుగ్రహాన్ని వీడియో తీసేవాడు. గాలి కదలికకి గ్రహం నీళ్లడుగున నాణెంలా వణుకుతుంది. వణకని ఫ్రేములు ఏరి, ఒకదాని మీద ఒకటి పేర్చితే బొమ్మ తేటపడుతుంది. స్టాండు కదలకుండా పట్టుకున్నది నేను. ఆ మాటకొస్తే గురుడు కదలకుండా ఆపిందీ నేనే.

చారలన్నీ తీర్చి దిద్దినట్టు వచ్చాయి. బావ మురిసిపోతూ బొమ్మను సంఘం అధ్యక్షురాలి ముందు పెట్టాడు. ఆవిడ కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసింది.

"ఎర్రమచ్చ ఏదండీ? మీరు తీసిన వేళకి అది మనవైపే ఉండాలే!"

"అదా! తుడిచేశానండి," అన్నాడు బావ, అడక్కుండానే మేలు చేసినవాడిలా.

"తుడిచేశారా?"

"ముఖం మీద అంత మచ్చుంటే ఎవరికి బాగుంటుంది చెప్పండి?"

"అది మొటిమ కాదు మహానుభావా, తుఫాను! మన భూమి మొత్తం అందులో పట్టేస్తుంది. మచ్చ లేకపోతే గోడకెక్కించం. రేపటికల్లా సరిచేసి తెండి."

వీడియో భద్రంగా ఉంది కాబట్టి బతికిపోయాం. బావ మళ్లీ మొదటినుంచీ కూర్చున్నాడు. చెయ్యి మాత్రం మాట వినలేదు. మౌసు మెల్లగా మచ్చ వైపే జరుగుతోంది.

"బావా!"

"చూస్తున్నానంతేరా."

మూడోసారి కూడా మౌసు అటే జరిగేసరికి మా అక్క వచ్చి లాక్కుంది. "పెళ్లయిన కొత్తలో నా పుట్టుమచ్చనీ ఇలాగే మాయం చేశారు. ఆ ఫొటో చూసి మా అమ్మే ఎవరీ పిల్లంది. చేతులు కట్టుకుని నోటితో చెప్పండి, నేను నొక్కుతాను."

ఫొటో గోడకెక్కింది. కింద బావ పేరు, ఇంటిపేరుతో సహా. వచ్చినవాళ్లంతా మచ్చనే వేలుపెట్టి చూపిస్తూ భలే ఉందంటున్నారు. బావ తన పేరు చదువుకున్నాడు, మళ్లీ చదువుకున్నాడు. ఆ తర్వాత నన్ను పక్కకి లాగి, గొంతు తగ్గించి అన్నాడు:

"కాస్త పౌడరైనా అద్దాల్సిందిరా బామ్మర్దీ."