సారు పడవెక్కిన శుక్రవారం

మా నాగేంద్రప్రసాద్ సారుది రాయచోటి పక్కన పల్లె. తాగేదానికే నీళ్లు దొరకని చోట పుట్టి, అమెరికా యుద్ధనౌకల చరిత్ర మీద డాక్టరేట్ చేసినాడప్పా! ఎందుకు సార్ అంటే, "ఆ సబ్జెక్టులో పోటీ లేదు తిమ్మయ్యా" అంటాడు. పోటీ లేదు సరే, ఉద్యోగాలు గూడా లేవు గదా! ఊళ్లూళ్లూ తిరిగి, ఆఖరికి కువైట్‌లో మా బాబా నడిపే కాలేజీలో ప్రొఫెసర్‌గా తేలినాడు. బాబా అంటే నా కఫీల్, నాకు వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న అరబ్బు యజమాని. అక్కడే ఎగైలా పేటలో ఆయనింట్లో నేను డ్రైవర్ని.

సారు క్లాసులో ముగ్గురే పిల్లోళ్లు. వాళ్లు ఫోన్లు చూసుకుంటాంటే, సారు బోర్డు మీద ఓడలు గీసి, వాటిని ముంచి, మళ్లా గీస్తాంటాడు. ఈ ఏడు బాబా, "ఈ క్లాసు దేనికి? ఖలాస్" అనేసినాడు. సారుకు నిద్ర పట్టల్యా. వయసు యాభై దాటింది, ఈ చదువుకు ఇంకెవరు పిలిచి పనిస్తారు? "బాబాతో ఒక్క మాట చెప్పవా" అని నన్ను బతిమాలినాడు. పాపమనిపించి చెప్పినా.

బాబా అప్పుడే కొత్త పడవ కొన్యాడు. "శుక్రవారం స్నేహితులతో పోతాండాం. ఆయప్పను రమ్మను, ఓడల కథలు చెప్తే అప్పుడు చూస్తా" అన్యాడు. బాబాకు అరబ్బీ తప్ప రాదు, సారుకు అరబ్బీ రాదు. ఒకరి మాట ఒకరికి చెప్పేదానికని నన్నూ ఎక్కించినారు.

సారు కోటేసుకోని, టై కట్టుకోని వచ్చినాడు. ఆ ఎండలో! జన్మలో పడవెక్కింది లేదంట. ఆ ముక్క నాకు ముందే చెప్పి చావొచ్చు గదా! ఒడ్డు దాటకముందే మొగం పాలిపోయింది. అమెరికా నేవీ పుట్టినప్పుడు అని మొదులుపెట్టి, పక్కకు వంగి భళ్లున కక్కినాడు. అయినా ఇడ్చల్యా మహానుభావుడు! ఒక ఫిరంగి పేల్చేది, ఒక వాంతి చేసుకునేది. పావుగంట చెప్పిందంతా నేను "ఓడ మునిగింది బాబా" అని ఒక్క మాటలో తేల్చేసినా. బాబా స్నేహితులు పొట్టలు పట్టుకోని నవ్వినారు. నాకైతే ఒళ్లు మండింది.

దిగినాక బాబా కండ్లు తుడుచుకుంటా, "ఉద్యోగం ఉంటుందని చెప్పు. ప్రతి శుక్రవారం రావాల" అన్యాడు.

చెప్పినా. సారుకు ప్రాణం లేచొచ్చింది. "వచ్చే వారం ఏ యుద్ధం చెప్పమంటారో అడుగు."

అడిగినా. "యుద్ధమెందుకు? వచ్చి కక్కితే చాలు" అని బాబా మళ్లా నవ్వినాడు.

ఆ మాట తెలుగులో చెప్పేదానికి నాకు నోరు రాల్యా. "మీ ఇష్టమొచ్చింది చెప్పమన్యాడు సార్" అన్యా.

సారు టై సర్దుకోని, "చూసినావా తిమ్మయ్యా! చదువు విలువ తెలిసిన మనిషి" అన్యాడు.