మంగళం అయ్యేదాకా మేలుకున్నవాళ్ళం

ఈ సంగతి ఇంట్లో చెప్పాను, గుళ్ళో చెప్పాను, పెళ్ళిళ్ళలో అరిటాకు ముందు కూర్చుని చెప్పాను. విన్నవాళ్ళంతా తలూపి పులుసు వడ్డించమన్నారు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

మా ముత్తాతలు చెరకు కొట్టడానికి ఓడెక్కి వచ్చిన ఈ దీవిలో, రోజ్ బెల్‌లో మా అమ్మాయి ఇంట్లో రాత్రి భోజనాలయ్యాక ప్రతి గది తలుపు సందులోంచీ ఫోను వెలుగు నీలంగా బయటికి వస్తుంది. పొద్దున్నే అల్లుడు కాఫీ ముందు ఆవలిస్తాడు, అమ్మాయి కణతలు నొక్కుకుంటుంది, మనవరాలు బళ్ళో బల్ల మీద తల వాలుస్తుంది. నాకూ నిద్ర తక్కువే, అది వయసు. చిన్నపిల్లకి ఏ వయసు మీద పడిందో చెప్పమంటే ఎవరూ చెప్పరు.

మా చిన్నప్పుడు ఇదే దీవిలో, చెరకు తోటల పల్లె బ్రిజే వెర్దియేర్‌లో నిద్రకి ఒక వాసన ఉండేది. చెరకు కోతల రోజుల్లో మిల్లులో ఉడికే పానకం వాసన, లాంతరు తగ్గించినప్పుడు వచ్చే కిరసనాయిలు వాసన, అమ్మమ్మ జుట్టులోని కొబ్బరినూనె వాసన, మూడూ కలిసి కళ్ళ మీద చెయ్యి వేసినట్టుండేది. గోళీలాడిన కాళ్ళు కడుక్కుని, వేడన్నంలో పప్పూ ఆకుకూరా తిని, అమ్మమ్మ గదిలో చాప మీద పడితే, ఆమె గోవింద నామాలు ముగియకముందే మాకు తెల్లారిపోయేది.

తుపానులో మా ఇల్లు పోయాక మామయ్య ఇంట్లోనే ఉండేవాళ్ళం. మా దీవి స్వాతంత్ర్యానికి కొంచెం ముందు ఆయన టెలివిజన్ కొన్నాడు. తన గదిలో పెట్టుకోలేదు. అమ్మమ్మ గది పెద్దదని అక్కడ పెట్టించాడు. ఇరుగుపొరుగు వచ్చి మా చాపల మీద కూర్చునేవారు. మామయ్యా, ఆయన కొడుకు, అంటే మా బావా, వేళకి తమ గదిలోకి పోయి తలుపు వేసుకునేవారు. ఇల్లు వాళ్ళది. మేం నోరెత్తలేం.

ఆ టెలివిజన్ కట్టేయడానికి అమ్మమ్మ ఒప్పుకోలేదు. శనివారం రామభజనలో మధ్యన దీపం, చుట్టూ జనం, మంగళహారతి పాడేదాకా ఎవరూ నడుం వాల్చకూడదు. టెలివిజన్ ముందూ అంతే కదా, మధ్యన వెలుగు, చుట్టూ జనం. ప్రసారం ముగిసేటప్పుడు వచ్చే బ్యాండు వాయిద్యమే మంగళమని ఆమె తీర్మానించుకుంది. అది రాగానే లేచి నిలబడి దణ్ణం పెట్టేది.

"పిల్లలకి పొద్దున్న బడమ్మా, పడుకోనీ," అనేది అమ్మ.

"మంగళం అవ్వకుండా ఎవులు పడుకుంతారే? నాన్, కాదు, తప్పు."

అమ్మ ఒళ్ళోని చంటి తమ్ముడు ఏ గోలకీ లేవకుండా నిద్రపోయేవాడు. చెరకు కొట్టి వచ్చిన నాన్న కూర్చునే కునికి, మంగళానికి ఉలిక్కిపడి లేచి, ఆ తర్వాత నిద్ర పట్టక ఎర్రకళ్ళతోనే పొలానికి పోయేవాడు. అమ్మమ్మకి ఉన్న కాస్త నిద్రా పోయింది. స్వాతంత్ర్యం వచ్చాక జాతీయగీతంతో పాటు ఆ బ్యాండు వరస మారితే ఆమె, "మంగళం మార్చీసినారు, కొత్త పంతులొచ్చినాడు కాబోలు," అని యథాప్రకారం దణ్ణం పెట్టింది.

ఆ ఏడు కోతలప్పుడు భజనలో మొదటి పాట నాదని, మాకు భజన నేర్పే మాష్టారు మాట ఇచ్చారు. నెలల తరబడి సాధన చేశాను. చక్కెర పొంగలి వాసన, కర్పూరం పొగ, తాళాల చప్పుడు. మాష్టారు నా పేరు పిలిచేసరికి నేను తాళాలు చేతిలో పట్టుకుని గోడకి జారబడి నిద్రపోతున్నానట. ఆయన జనమందరి ముందూ అన్న మాట మాత్రం మెలకువలో విన్నాను.

"లెస్ లి దోర్మి, నిద్రపోనీండి. వీడు సోమరి. పాట వీడి బావకియ్యండి."

తలుపు మూసుకుని హాయిగా నిద్రపోయిన బావ లేచి పాడాడు. గొంతు బాగుంది, నేను కాదనను. అప్పట్నుంచీ మొదటి పాట అతనిదే. ఇవాళ మా గుళ్ళో భజన పెద్దా అతనే.

పోయిన శనివారం సాధనలో మనవరాలు కునికింది. రాబోయే శనివారం గోవింద పూజకి మొదటి పాట ఆమెది. బావ నా వైపు చూస్తూనే అన్నాడు, "ఈ తిఫీ, ఈ చిన్నపిల్ల, సోమరి. తాత పోలిక. ఇంకో పిల్లకిద్దాం."

ఇంటికొచ్చి ఫోన్లన్నీ బియ్యం డబ్బాలో వేసి మూత పెట్టాను. "ఆఫీసువాళ్ళు పిలిస్తే?" అన్నాడు అల్లుడు. "బియ్యం మాట్లాడతాయి," అన్నాను. ఆ రాత్రి నుంచి పిల్ల దిండు మీద తల పెట్టగానే నిద్రపోతోంది. నా మీద అలిగింది, అయినా నిద్రపోతోంది.

మిల్లు మూతపడింది, పానకం వాసన లేదు. అమ్మమ్మ లేదు. ఆ టెలివిజన్ పెట్టెకి కనీసం మంగళమైనా ఉండేది, ఈ ఫోన్లకి అదీ లేదు.

బావా, మాష్టారు పోయారు, నువ్వున్నావు. వెలుగు మా ముందు వదిలి మీ తలుపు మూసుకున్నది నీకు తెలుసు. ఆ రోజు నేను సోమరినా? ఈ శనివారం పూజలో, నువ్వు ఇంకో పిల్లకిద్దామన్నా, మా పిల్ల పాడటానికి లేస్తుంది. ఆమె నోరు తెరవకముందు, నన్ను ఆ మాటన్నట్టే జనమందరి ముందూ జవాబు చెప్పు.