ముక్తేశ్వరంలో బ్యాండు ఆపింది నేనే

అమలాపురంలో మా పేట బ్యాండులో క్లారినెట్ వాయించేవాణ్ణని మనవలకి చాలాసార్లు చెప్పాను. అవి ఉత్త కోతలు. ఎర్రకోటు మీద మోజుతో చేరాను. మాస్టారు నా చేతికి తాళాలిచ్చి, "మెల్లిగా కొట్టండి బాబూ, వినపడకపోయినా పర్లేదు" అన్నారు. నాకో పెట్టె కెమెరా ఉండేది. దాని మొహం చూసి నన్ను భరించేవారు.

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో ముక్తేశ్వరంలో ఒక పెళ్ళికి వెళ్ళాం. మగపెళ్ళివారు మా పేటవాళ్ళే. విడిది నుంచి పెళ్ళికూతురింటికి ఊరేగింపు: ముందు మేము, వెనక పల్లకీలో పెళ్ళికొడుకు. కాలవగట్టు ఎక్కేసరికి సాయంత్రపు ఎండ ఇత్తడి బాకాల మీద పడి ధగధగలాడింది. నేను చెయ్యెత్తి ఊరేగింపంతా ఆపేశానని చెప్పుకునేవాణ్ణి. నిజానికి బ్యాండుని ఫొటో తీసుకుంటానని మాస్టారి వెనక పరిగెత్తి బతిమాలాను.

"కదిలితే బొమ్మ చెదిరిపోద్దండి. ఒక్క క్షణం నిలబడండి."

"ఊదుతూ నిలబడితేనో?"

"బుగ్గలు కదుల్తాయి కదండీ!"

ఆయన సైగ చేశారు. పాట మధ్యలో బ్యాండు ఆగిపోయింది.

ఊరేగింపులో బ్యాండు దారిలో ఆగిందంటే మావైపు ఒకటే అర్థం: మగపెళ్ళివారు అలిగారని. అది నాకు తెలియక కాదు, ఆ సరదాలో తట్టలేదు. నేనింకా వరసలు సర్దుతుండగానే పెళ్ళికూతురి తండ్రి చెప్పులైనా లేకుండా పరిగెత్తుకొచ్చారు. కండువా నడుముకి చుట్టి, వియ్యంకుడి ముందు వంగి చేతులు జోడించారు.

"ఏం లోపం జరిగిందో తెలీదు బావగారూ. మావాళ్ళెవరేమన్నా నన్ను చూసి క్షమించండి. ఊరంతా చూస్తోంది, నడవండి బావగారూ."

వియ్యంకుడికీ ఏ లోపమూ తెలీదు. కాసేపు తెల్లబోయి, మీసం సర్దుకున్నారు.

"ఆయ్, పోన్లెండి. విడిదిలో మా పెద్దాయనకి మంచం వెయ్యలేదు. ఇప్పటికైనా తెలుసుకున్నారు."

"బ్యాండు ఆపించింది నేనండీ" అంటే సరిపోయేది. వేలమంది ముందు నోరెలా పెగులుతుందని ఇన్నాళ్ళూ సరిపెట్టుకున్నాను. ఉన్నది పాతికమంది. పైగా నా వేలు కెమెరా మీట మీద ఉంది. నొక్కేశాను.

అందరూ అటూ ఇటూ కదిలారు గాని, చేతులు జోడించిన పెళ్ళికూతురి తండ్రి కదల్లేదు. అందుకే ఆయన బొమ్మ మహా స్పష్టంగా వచ్చింది. మగపెళ్ళివారు దాన్ని అడిగి మరీ తీసుకుని, పటం కట్టించి సావిట్లో పెట్టుకున్నారు. ఇచ్చింది నేనే.

కొన్నేళ్ళకి పనిమీద ఆ ఇంటికి వెళితే, ఆనాటి పెళ్ళికూతురే కాఫీ తెచ్చింది. తండ్రి అప్పటికే పోయారు. నా చూపు పటం మీద పడటం గమనించింది.

"నాన్నగారిది ఇదొక్క బొమ్మే ఉందండి. వంగున్నారు కదా, మొహం కనపడదు."

నేను కాఫీ ఊదుకుంటున్నాను.

"ఆ వేళ మావాళ్ళేం తప్పు చేసేరో మీకేమైనా తెలుసాండి? మంచం మాట అబద్ధం, వేస్తుంటే నేను చూసేను. మావయ్యగారు ఇప్పటికీ దెప్పుతారు. నాన్నగారు పోయేదాకా అదే ఆలోచించేరు."

మిగిలిన కాఫీ తాగేశాను.

"ఏమోనమ్మా, గుర్తులేదు" అన్నాను.

ఇంకొంచెం కాఫీ పొయ్యనా అంది. పొయ్యమన్నాను.